చేతులు ఆడినంత కాలం

నా పిహెచ్.డి. కోసం 2014 ఎండాకాలంలో ఎమ్మిగనూరులో మా అవ్వ చేత పాడించుకున్న పాటలు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రాట్నం దగ్గర పాడేవి, విసుర్రాయి దగ్గర పాడేవి, కలుపు తీస్తూ పాడేవి. స్త్రీల శ్రమగీతాల మీద నా పరిశోధన. ప్రతి రికార్డింగులోనూ పాట అయిపోయాక అర నిమిషమో నిమిషమో ఒక చప్పుడు వినిపిస్తుంది. టక్, టకటక, మళ్లీ టక్. పాటలు కాగితం మీదికి ఎత్తుకునేటప్పుడు ఆ చప్పుడు వచ్చిన ప్రతిచోటా నేను టేపు ముందుకు జరిపేశాను. అవ్వ కూడా నన్ను వెక్కిరించింది. "ఇదేమన్నా పాటనా మే, రాసుకోనీకి? ఆపు ఆ మిషను. నా చేతులు ఊరికె ఉండవు" అంది.

అవి అచ్చనగాయలు. పాట పాడి గొంతు తడుపుకునేలోపు అవ్వ కొంగుముడిలోంచి అయిదు గులకరాళ్లు తీసి బండ మీద వేసుకునేది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. వేళ్ల కణుపులు ముడులు పడి ఉన్నాయి. కుడి బొటనవేలి మొదలు దగ్గర ఎముక పైకి పొడుచుకొచ్చి ఉండేది. ఆ చేత్తోనే ఒక రాయి పైకి విసిరి, అది దిగేలోపు కింద ఉన్న రెండింటిని ఊడ్చుకుని, దిగుతున్న దాన్ని పట్టేది. ఒక్కోసారి జారిపోయేది. జారినప్పుడు తనను తానే తిట్టుకుని, నవ్వుకుని, మళ్లీ మొదటినించీ మొదలుపెట్టేది.

అవ్వ పోయి నాలుగేళ్లయింది. ఈ మధ్య ఆ రికార్డింగులు మళ్లీ వింటుంటే, పాటలకన్నా ఆ చప్పుడే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. స్త్రీల శ్రమ చరిత్రలో కనబడకుండా పోయిందని మూడు వందల పేజీలు రాసినదాన్ని, ఆ స్త్రీల ఆటను నా చేత్తో నేనే తుడిచేశాను. ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకోవడానికే.

అవ్వ పుట్టేనాటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. అందుకే మా ఇళ్లల్లో తెలుగూ కన్నడమూ ఒకే నోట పలుకుతాయి. వామనగుంటల పీటను అవ్వ ఒకసారి తెలుగులో పిలిస్తే ఇంకోసారి కన్నడంలో అళిగుళిమణె అనేది. ఆదోని పత్తి ఊరు, ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం మొదలైంది. మాస్టర్ వీవర్ల చేతుల్లోంచి నేతగాళ్లను బయటపడేయడం దాని ఉద్దేశం. దుప్పట్లు, తువ్వాళ్లు, చీరలు దేశమంతా పోయాయి. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఆ సంఘం ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది, అందులో అనుమానం లేదు.

అయితే ఆ ఇళ్లల్లో మగ్గం గుంటలో కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టేది, పడుగుకు గంజి పెట్టేది, అయిపోయిన పడుగు పోగుల చివళ్లకు కొత్త పోగులను బొటనవేలూ చూపుడువేలూ మధ్య మెలేసి ఒక్కొక్కటిగా అతికేది ఆడవాళ్లూ పిల్లలూ. వాళ్ల పనికి 'సాయం' అని పేరు. ప్రభుత్వ భాషలో 'అనుబంధ పని'. మా అవ్వను ఏడో ఏట రాట్నం ముందు కూర్చోబెట్టారు. అప్పటికే అచ్చనగాయల్లో ఆమె చెయ్యి తిరిగింది. వాడలో తనకన్నా పెద్దపిల్లలను ఓడించేదట. "ఆ చెయ్యి జూసే గదా నన్ను కండెలకు కూర్చోబెట్టింది మా నాయన" అని అవ్వ ఒకసారి చెప్పింది. ఇంత చిన్న మాటలో నా సిద్ధాంతవ్యాసంలో లేని సిద్ధాంతం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఎమ్మిగనూరులో సంఘం పెట్టిన 1938లోనే హాలండులో యోహాన్ హౌజింగా అనే చరిత్రకారుడు 'హోమో లుడెన్స్', అంటే 'ఆడే మనిషి', అన్న పుస్తకం ప్రచురించాడు. మనిషిని ఆలోచించే జీవి అన్నారు, పనిముట్లు చేసే జీవి అన్నారు, ఆడే జీవి అని కూడా అనాలి అంటాడాయన. నాగరికత ఆటలోంచే, ఆటగానే మొదలైందని ఆయన వాదం. చదవడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ ఆటలో ఉన్నది న్యాయస్థానాలు, యుద్ధాలు, పద్యాల పోటీలు. ఆడే మనిషి మగవాడే. ఏడో ఏట ఆట మానిపించబడ్డ పిల్ల అందులో లేదు.

మన సాహిత్యం ఈ విషయంలో కొంత నయం. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఆటల పేర్లు వరసగా గుదిగుచ్చాడు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి అలాంటి పట్టికలను పట్టుకునే ఒక్కో కాలంలో జనం ఎట్లా బతికారో చెప్పాడు. రాజుల చరిత్ర కాదు, జనం చరిత్ర కావాలన్నవాడికి ఆటలు ఆధారమయ్యాయి. హంపీలో మండపాల బండల మీద చెక్కిన పులి-మేక గీతలు, వామనగుంటల లాంటి గుంటలు ఇవాళ్టికీ చూడొచ్చు. అయితే రాతి మీద ఆడిన ఆటే రాతి మీద నిలిచింది. అరుగు మీద సుద్దతో గీసిన గీతలు, వాకిట్లో మట్టి గిల్లి చేసిన గుంటలు, మర్నాడు చీపురు పట్టేసరికి పోయాయి. ఆ చీపురు పట్టేది కూడా ఆ ఆట ఆడిన పిల్లే.

చరిత్రలో దొరకని దాన్ని వెతుకుతూ నేను మనుషులకన్నా ముందటి కాలానికి పోయాను. జపానులో క్యోటో పక్కన అరషియామా కొండల్లో ఉండే కోతుల్లో 1979 డిసెంబరులో ఒక మూడేళ్ల ఆడకోతి రాళ్లు పోగేసుకుని ఆడుకుంటుండగా మైకేల్ హఫ్మన్ అనే పరిశోధకుడు చూశాడు. రాళ్లు పోగేయడం, చెదరగొట్టడం, ఒకదానితో ఒకటి కొట్టడం, నేలకేసి రుద్దడం. దానివల్ల తిండి దొరకదు, శత్రువు పారిపోడు. ఉత్త ఆట. కొన్నేళ్లలోనే అది ఆ గుంపులో రోజువారీ అలవాటైపోయింది. ఇందులో రెండు విషయాలు నన్ను పట్టేశాయి. 1979 నాటికి అయిదేళ్లు దాటిన కోతులు ఏవీ ఆ ఆట నేర్చుకోలేదు. చిన్నప్పుడు నేర్చుకున్నవి మాత్రం పెద్దయినా మానలేదు, ముసలివైనా మానలేదు. శ్రీలంకకు చెందిన చార్మలీ నహల్లగె అనే పరిశోధకురాలు హఫ్మన్‌తో కలిసి 2007లో ఒక ఊహ ముందుపెట్టింది. పిల్లకోతులకు ఈ ఆట నరాలూ కండరాలూ కుదురుకోవడానికి పనికొస్తే, ముసలి కోతులకు వయసుతో వచ్చే బుద్ధి మందగింపును నెమ్మది చేయడానికి పనికొస్తుండొచ్చు అని. ఊహే, రుజువు కాదు. కానీ అది చదివినప్పుడు నాకు అవ్వ కొంగుముడి గుర్తొచ్చింది.

మనిషి విషయంలో శాస్త్రజ్ఞులు ఇంకొక మాట కూడా అంటారు. మిగతా జంతువులు పెద్దయ్యేకొద్దీ పసితనపు లక్షణాలు వదిలేస్తాయి. మనిషి వాటిలో చాలా వాటిని చివరిదాకా ఉంచుకుంటాడు. 1926లో లూయీ బోల్క్ ఈ మాట అన్నాడు, 1977లో స్టీఫెన్ జే గౌల్డ్ దానికి కొత్త పునాది వేశాడు. కుతూహలం, ఊరికే దేన్నైనా తిప్పి చూడాలన్న కోరిక, ఆట అనేవి మన జాతికి బాల్యంతో తీరిపోయే రుణాలు కావు. "ముసలిదానివి, నీకు ఆటలేంది?" అని వాడలో ఎవరన్నా అవ్వను అంటే, అది పరిణామశాస్త్రం ప్రకారం కూడా తప్పు మాటే.

ఇక చెయ్యి. ఒక్కో చేతిలో ఇరవై ఏడు ఎముకలు. వేళ్లను ఆడించే కండరాలు వేళ్లలో ఉండవు. అరచేతిలోనూ ముంజేతిలోనూ ఉండి, తాళ్లలాంటి స్నాయువులతో వేళ్లను లాగుతాయి. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేవాడు తెర వెనక ఉన్నట్టు. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురొచ్చి సూదిని పట్టగలదు, పోగును మెలేయగలదు. ఆ విద్యంతా దాని మొదట్లో ఉన్న జీనులాంటి కీలులో ఉంది. గుర్రం మీద కూర్చున్నవాడు ఎటైనా వంగగలిగినట్టు ఆ ఎముక ఎటైనా తిరుగుతుంది. అంత వదులుగా ఉండటం వల్లనే అది తొందరగా అరిగిపోతుంది కూడా. ముట్లుడిగిన ఆడవాళ్లలో ఈ కీలు అరుగుదల మరీ ఎక్కువ. మనల్ని మనుషుల్ని చేసిన కీలు ముందుగా ఆడవాళ్ల చేతుల్లోనే అరుగుతోంది. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ మెదడులో ఏ అవయవానికి ఎంత చోటుందో చూపించే మనిషి బొమ్మ ఒకటి వేయించారు. అందులో చేతులు, ముఖ్యంగా బొటనవేలు, ఒంటికి మించి పెద్దవి. ఆ బొమ్మ వేసింది హార్టెన్స్ కాంట్లీ అనే ఆడమనిషి. బొమ్మలో ఉన్నది మాత్రం మగమనిషి.

ఇంత చోటు తీసుకున్న ఈ చేతికి నేర్పు ఎక్కడిది? ఇక్కడ స్త్రీవాద అర్థశాస్త్రం నాకు దారి చూపింది. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఆసియా దేశాల ఎగుమతి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లనే ఎందుకు పెట్టుకుంటున్నారని అడిగారు. "వాళ్ల వేళ్లు పుట్టుకతోనే చురుకు" అన్నది యాజమాన్యాల జవాబు. పుట్టుకతో కాదు, చిన్నప్పటినించీ ఇంట్లో కుట్టూ అల్లికా నేర్పితే వచ్చిన శిక్షణ అది అని వాళ్లు తేల్చారు. ఇంట్లో జరిగిన శిక్షణ గనుక ఎవరి లెక్కలోకీ రాలేదు, లెక్కలోకి రాలేదు గనుక దానికి కూలి లేదు. నేర్పును ప్రకృతి ఖాతాలో వేస్తే చవగ్గా కొనుక్కోవచ్చు.

ఇది మలేషియా ఫ్యాక్టరీల కథే కాదు, కర్నూలు జిల్లా పత్తి విత్తనాల కథ కూడా. 1970లో గుజరాతులో హైబ్రిడ్ పత్తి వచ్చాక, దాని విత్తనం తయారుచేయడానికి ప్రతి పువ్వునూ చేత్తో విప్పి, మగభాగం గిల్లేసి, మర్నాడు పొద్దున ఇంకో మొక్క పుప్పొడి అద్దాలి. దీన్నే పొలంలో 'క్రాసింగ్' అంటారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పనికి పెట్టుకున్నది ఎక్కువగా ఆడపిల్లలను. దావులూరి వెంకటేశ్వర్లు 2000 తర్వాత చేసిన అధ్యయనాలు ఈ సంగతిని దేశం ముందుంచాయి. ఎందుకు ఆడపిల్లలే అంటే రైతులు చెప్పిన కారణాల్లో ఒకటి: వాళ్ల వేళ్లు సన్నం, పువ్వు చెదరదు. అవ్వను రాట్నం ముందు కూర్చోబెట్టిన ముత్తాత చెప్పిన కారణమూ అదే. రాళ్లాటలో పదునెక్కిన చెయ్యిని పని గుర్తుపడుతుంది. గుర్తుపట్టి, ముందు ఆటను మాన్పిస్తుంది.

మా అమ్మ కథ ఇక్కడికే వస్తుంది. మగ్గం మీద ఇల్లు గడవని రోజుల్లో, పదకొండో ఏట అమ్మను ఆదోనిలో బంధువుల ఇంటికి పంపారు. పత్తి షెడ్డులో కూర్చుని దూదిలోంచి ఆకుముక్కలూ పుచ్చు దూదీ ఏరే పని. అవ్వకు ఏడేళ్లయినా ఆట దొరికింది. అమ్మకు అంతకన్నా ముందే చెల్లెళ్లను ఎత్తుకునే పని దొరికింది. నేను వేసవి సెలవుల్లో అవ్వ దగ్గర అచ్చనగాయలు నేర్చుకున్నాను, వామనగుంటలు నేర్చుకున్నాను. మధ్యలో అమ్మకు ఏదీ రాదు. మా ఇంట్లో ఆట ఒక తరాన్ని దాటేసి నా దగ్గరికొచ్చింది. అమ్మ షెడ్డులో ఏరిన దూదితోనే నేను సెలవుల్లో ఆడుకున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

తెలుగులో 'ఆడు' అన్న క్రియను గమనించండి. పిల్లలు ఆడతారు. గాలి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. భయమేస్తే కాళ్లూ చేతులూ ఆడవు. రెక్కాడితే గాని డొక్కాడదు. ఆటకూ, కదలికకూ, బతుకుకూ, చివరికి కూలిపనికీ మన భాష ఒకే మాట వాడుకుంది. విడదీసింది మనమే. రెక్కాడితే కూలి, చేతులాడితే సోమరితనం.

ఆ రెక్కలు ఆడీ ఆడీ అరిగాక ఏమవుతుందో 2015 తర్వాత చూశాను. రేషను వేలిముద్రల మిషనుకు మారినప్పుడు అవ్వ వేళ్లు మిషనుకు అందలేదు. వయసుతో చర్మం బిగువు తగ్గుతుంది, పోగులు మెలేసీ మెలేసీ గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడిచి, నూనె రాసి, పది వేళ్లూ పెట్టి చూశారు. "ఈ చేతులు నీవి గావంటాంది అవ్వా" అని క్యూలో ఎవరో నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. ఇంటికొచ్చి మాత్రం చాలాసేపు తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. తర్వాత కొంగుముడి విప్పింది. ఊరంతా బట్ట కట్టిన చేతులను మిషను గుర్తుపట్టలేదు. అయిదు రాళ్లు గుర్తుపట్టాయి.

దీన్ని అందమైన ముగింపుగా రాయడం నాకు ఇష్టం లేదు. ముసలి ఆడవాళ్ల ఆటను తలచుకుని మురిసిపోవడం తేలిక, వాళ్లకు పింఛను సరిగా అందేలా చూడటం కష్టం. పడమటి కర్నూలులో ఇప్పటికీ వానలు తప్పితే కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీయడానికి. ఊళ్లో మిగిలేది అవ్వలూ మనవలూ. టాంజానియాలో హాడ్జా తెగలో ముసలి స్త్రీలు దుంపలు తవ్వి మనవలను సాకడం చూసి, ముట్లుడిగాక కూడా స్త్రీలు ఇంతకాలం బతకడానికి కారణం అదే కావచ్చని క్రిస్టెన్ హాక్స్, ఆమె తోటి పరిశోధకులు 1998లో ప్రతిపాదించారు. అవ్వల వల్లనే మానవజాతి నిలిచిందన్న మాట వినడానికి గౌరవంగా ఉంటుంది. కోసిగిలో ఒక అవ్వను అడిగితే, "ఇంగెవరు సాకుతారమ్మా" అంటుంది. అది గౌరవం కాదు, గత్యంతరం లేకపోవడం. అయినా ఆ అవ్వల దగ్గర దుంపల లెక్కలోకి రానిది ఇంకొకటి మనవలకు చేరుతుంది. రాయి ఎప్పుడు విసరాలో, ఎప్పుడు పట్టాలో చెయ్యి నుంచి చేతికి పోతుంది.

మన పాత జిల్లాకేంద్రం బళ్లారి పక్కన కుప్పగల్లు కొండ మీద కొత్తరాతియుగపు బొమ్మల మధ్య గిన్నెల్లాంటి గుంటలు పడ్డ నల్లటి బండలున్నాయి. ఆ గుంటల్లో రాయితో కొడితే గంటలా మోగుతాయి. 1892లో ఫాసెట్ వాటి గురించి రాశాడు. 2004లో నికోల్ బాయివిన్ మళ్లీ లోకం దృష్టికి తెచ్చి, క్వారీల వల్ల ఆ చోటుకు ముప్పుందని హెచ్చరించింది. వేల ఏళ్లుగా మనుషులు అదే చోట కొట్టీ కొట్టీ ఆ గుంటలు పడ్డాయి. పూజకో, ఆటకో, రెండింటికీనో. అలాంటి చప్పుడు రాతిలో నిలిస్తే పురావస్తువు. మా అవ్వ చప్పుడును నేను కాగితం మీదికి ఎత్తుకోలేదు.

మొన్న ఆదోనిలో అమ్మ ముందు ఆ రికార్డింగు పెట్టాను. పాట అయిపోయింది, టకటక మొదలైంది. అమ్మ వెంటనే గుర్తుపట్టింది. "మూడోది పట్టేటప్పుడు ఎప్పుడూ జారవిడుస్తుంది" అంది. చప్పుడు విని ఏ ఆటలో ఎక్కడుందో చెప్పగలిగింది. "నీకు రాదంటివే" అన్నాను. "నాకెప్పుడు నేర్పినారు? ఏరుకుంట కూచోని చూస్తాంటి, అంతే" అంది.

అయిదు రాళ్లు తెచ్చి ముందు పెట్టాను. అరవై ఏళ్లు రాకుండానే అమ్మ బొటనవేలి మొదట్లోనూ ఆ ఎముక పొడుచుకొచ్చింది. మొదటిసారి పడేసింది. రెండోసారీ పడేసింది. వయసు మళ్లాక కొత్తగా నేర్చుకున్న కోతి ఒక్కటీ లేదని నేను చదివాను, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. "నీకు పనేమీ లేదా?" అని నన్ను కసిరి, మళ్లీ విసిరింది. నేను ఫోన్లో రికార్డు నొక్కాను. ఈసారి పాట లేదు, ఉత్త చప్పుడే. మధ్యమధ్య అమ్మ నవ్వు.